విడుపు వెల

తెలుగులో ‘పట్టువిడుపులు’ అని ఒక జంటమాట ఉన్నది. ద్వంద్వ సమాసం. రెండు పదాలకూ సమానమైన ప్రాధాన్యం ఉండటమే ద్వంద్వ లక్షణమని ముప్పై ఏళ్ల పైచిలుకు తరగతి గదుల్లో చెప్పినవాణ్ణి. పట్టు ఒక్కటే ఉండి విడుపు లేకపోతే దాన్ని మన పెద్దలు మూర్ఖత్వమన్నారు. విడుపు తప్ప పట్టు లేనివాణ్ణి నిలకడ లేనివాడన్నారు. మనుషుల మధ్య ఏ ఒప్పందమైనా ఈ రెండింటి మధ్య నిలవాలన్నది ఆ చిన్న మాటలో ఇమిడి ఉన్న లోకజ్ఞానం.

సెల్‌ఫోను కంపెనీల ఒప్పంద పత్రాలు చూసినప్పుడల్లా నాకు ఈ సమాసమే గుర్తుకు వస్తుంది. పట్టు పెద్ద అక్షరాలలో, రంగులలో, సినిమా తారల చిరునవ్వులతో ముందు పుటలో ఉంటుంది. విడుపు మాత్రం చివరి పుటలో నువ్వుగింజంత అక్షరాలలో ఉంటుంది. గడువు తీరకముందే కనెక్షను వదులుకుంటే ఇంత కట్టాలని అక్కడ వ్రాసి ఉంటుంది. దాన్ని ఎగ్జిట్ ఫీజు అంటారు, ఎర్లీ టెర్మినేషన్ ఛార్జీ అంటారు. నేను దానికి ‘విడుపు వెల’ అని పేరు పెట్టుకున్నాను.

న్యాయంగా మాట్లాడాలంటే ముందు కంపెనీ పక్షం చెప్పాలి. ఖరీదైన ఫోనును తక్కువ ధరకు చేతిలో పెట్టి, ఆ తేడాను నెలనెలా అద్దెలో కొంచెం కొంచెంగా రాబట్టుకోవటం వారి పద్ధతి. మూడో నెలలోనే మనం వెళ్లిపోతే ఆ తేడా వారి నెత్తిన పడుతుంది. 2003 జూలైలో రిలయన్స్ ఇన్ఫోకామ్ ‘మాన్సూన్ హంగామా’ అనే పథకం పెట్టి, ముందుగా 501 రూపాయలు కడితే చాలునని ఫోను చేతికిచ్చింది. అప్పటిదాకా ఉన్నవారి వస్తువుగా ఉన్న సెల్‌ఫోను సామాన్యుల చొక్కా జేబులోకి రావటానికి ఆ ఏడాదే మలుపు. ఆ ఏడాది మే నెల నుంచే వచ్చే పిలుపుకు డబ్బు కట్టే బాధ కూడా తప్పింది. అయితే ఆ పథకంలో ఫోను తీసుకుని బిల్లులు ఎగవేసినవారూ ఉన్నారు. ఆ సంస్థకు రాని బాకీలు భారీగా పేరుకున్నాయని అప్పట్లో పత్రికలన్నీ వ్రాశాయి. కనుక కట్టుబాటు అడగటమే తప్పని నేననను. ఇచ్చిన వస్తువు వెల రాబట్టుకునే హక్కు వర్తకునికి ఉన్నది. నా ప్రశ్న అంతా ఆ వెల ఎంత, దాని పేరిట అడుగుతున్నది ఎంత అన్నదే.

ఆ ప్రశ్న నా మనసులో నాటుకున్నది 2008 మార్చిలో.

మా పాఠశాలలో లెక్కలు చెప్పే ఉపాధ్యాయులొకరు అకస్మాత్తుగా కాలం చేశారు. నాకంటె ఆరేళ్లు పెద్ద. నేను ఆయనను అన్నా అనీ, ఆయన శ్రీమతిని వదినె అనీ పిలిచేవాణ్ణి. అంతకు అయిదు నెలల ముందు ఆయన హనుమకొండలో ఒక కంపెనీ దుకాణంలో పోస్ట్‌పెయిడ్ కనెక్షను తీసుకున్నారు. ఫోను చవకగా ఇచ్చారు. బదులుగా నెలకు 299 రూపాయల అద్దె పథకంలో పన్నెండు నెలలు ఉండాలన్నారు. 500 రూపాయలు డిపాజిట్ కట్టించుకున్నారు. మా జఫర్‌గఢ్‌లో అప్పట్లో ఇంటి లోపల సిగ్నల్ సరిగా అందేది కాదు. ఆయన వాకిట్లోకి వచ్చి, వేపచెట్టు కింద నిలబడి, కోట గుట్ట వైపు తిరిగి మాట్లాడుతుండేవారు.

కర్మకాండలు ముగిసిన తరువాత కనెక్షను తీసివేయించాలని వదినె అడిగితే తోడు వెళ్లాను. వర్ధన్నపేట మీదుగా హనుమకొండ బస్సెక్కాము. ఆమె చేతి సంచిలో ఫోను, వైరు చుట్టిపెట్టిన ఛార్జరు, అయిదు నెలల బిల్లులు వరుసగా, వాటి మీద మరణ ధ్రువపత్రం ఉన్నాయి. ఆయన ఏది ఎక్కడ పెట్టేవారో అక్కడినుంచే తీసి తెచ్చింది.

దుకాణంలో కూర్చున్న అబ్బాయి మర్యాదస్థుడే. మా మాట వినకముందే అలవాటుగా అన్నాడు: “కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లే వచ్చి సంతకం పెట్టాలి సార్.”

వదినె మారుమాటాడకుండా ధ్రువపత్రం తీసి బల్ల మీద పెట్టింది. అతడు చదివి తల దించుకున్నాడు. లోపలికి వెళ్లి ఎవరినో అడిగి వచ్చాడు.

“క్లోజ్ చేస్తం సార్. గని పన్నెండు నెలల్ల ఇంక ఏడు నెలలున్నయి. ఆ మొత్తం కడితెనే సిస్టం తీసుకుంటది.”

ఏడు నెలలకు 2,093 రూపాయలు. డిపాజిట్ పోగా 1,593. ఫ్యామిలీ పెన్షను కాగితాలు ఇంకా కార్యాలయంలో బల్లలు మారుతున్న రోజులవి.

ఒప్పంద పత్రం చూపించమన్నాను. రెండు పుటలు, అంతా ఇంగ్లీషు. ఒక మూల ఆ షరతు ఉన్నది. గడువుకు ముందు చందాదారు వైదొలగితే మిగిలిన నెలల అద్దె మొత్తం చెల్లించాలని వ్రాశారు. చందాదారు చనిపోతే ఏమిటన్నది ఎక్కడా లేదు. కంపెనీ మాత్రం ముప్పై రోజుల ముందు తెలిపి ఎప్పుడైనా సేవ ఆపివేయవచ్చునట. దానికి రుసుమేమీ లేదు.

“నాయనా, ఫోను ఇదిగో, గీత కూడా పడలేదు. తీసుకోండి. లేదా ఈ ఫోను అసలు ధరలో మీకు ఇంకా ఎంత రావాలో చెప్పండి, అంతా కట్టేస్తాం” అన్నాను.

“ఆ లెక్క మా దగ్గర ఉండదు సార్” అన్నాడతడు. అబద్ధం చెప్పలేదు. నిజంగానే ఉండదు.

నేనింకా వాదించబోతుండగా వదినె నా చేతిమీద తట్టింది. “పోనియ్యి సారూ. ఆయన ఎవ్వలకు రూపాయి బాకీ పెట్టి పోలే. దీనికొక్కదానికి ఎందుకు పెట్టాలె?” అని కొంగుముడి విప్పి నోట్లు లెక్కపెట్టి ఇచ్చింది. రసీదు తీసుకుని బిల్లుల కింద వరుసలో పెట్టుకుంది.

తిరుగు బస్సులో ఒక్క మాట అడిగింది. “ఆ నంబరు ఇగ వేరేటోళ్లకు ఇస్తరా?”

“కొన్నాళ్లు ఆగి ఇస్తారు వదినె” అన్నాను. వర్ధన్నపేట దాకా మళ్లీ మాట్లాడలేదు.

చదువరులకు ఇందులో నేను చూపదలచినది ఆ దుకాణంవారి కాఠిన్యం కాదు. ఆ అబ్బాయి కాఠిన్యం చూపలేదు. నాకు పట్టుకున్నది వదినె అన్న ‘బాకీ’ అనే మాట. పరాయి భాష నుంచి వచ్చినా మన ఇళ్లలో ఆ మాటకు ఋణం అనే సంస్కృత పదానికున్నంత బరువు ఉన్నది. బాకీ తీర్చకపోవటం డబ్బుకు సంబంధించిన విషయం మాత్రమే కాదు, అది పరువుకు, పరలోకానికి సంబంధించినది. ‘ఋణానుబంధం’ అనే మాటను ప్రేమకు కూడా వాడుకునే జాతి మనది. ఆ అద్దె ఏడు నెలలపాటు అందని సేవకు. మోగని ఫోనుకు, మాట్లాడని మనిషికి. దాన్ని బాకీ అని బిల్లులో వ్రాసేసరికి ఆమెకు అది భర్త తీర్చకుండా వదిలిన ఋణంగా కనిపించింది. ఎగవేసేవాడు ఎలాగూ కట్టడు. విడుపు వెల ఎప్పుడూ ఇటువంటి నిజాయతీపరుల ఋణభీతి నుంచే వసూలవుతుంది.

ఈ భేదం మా ప్రాంతానికి కొత్తది కాదు. నా చిన్నతనంలో ఉగాదికి జీతగాళ్లు కుదిరేవారు. ఉగాది నుంచి ఉగాది దాకా కట్టుబాటు. ముందుగా కొంత ధాన్యమో, డబ్బో ఇచ్చేవారు. నడుమ ఎవరైనా మానవలసివస్తే పెద్దమనుషులు కూర్చునేవారు. చేసిన నెలలెన్ని, ముట్టినదెంత అని లెక్క చూసి, ఎక్కువ ముట్టి ఉంటే అది మాత్రం తిరిగి ఇవ్వమనేవారు. చేయని నెలలకు జీతగాడే ఎదురు జీతం ఇవ్వాలని నేను విన్నంతలో ఏ పెద్దమనిషీ అనలేదు. అదే ఊళ్లో, అంతకు ముందు తరంలో, భగేలా అనే మరో పద్ధతి ఉండేది. తీసుకున్న అప్పుకు మనిషే పనిలో కుదువ. ఎన్నేళ్లు చేసినా అప్పు తీరని లెక్క అది. నిజాం ప్రభుత్వమే 1930లలో ఆ ఒప్పందాలను అదుపు చేయటానికి చట్టం తెచ్చింది. వెట్టిచాకిరీని పూర్తిగా నిషేధించే కేంద్ర చట్టం 1976లో వచ్చింది. ఫోను కనెక్షనును భగేలాతో పోల్చటం ఆ కష్టం పడినవారిని అవమానించటమే అవుతుంది, ఆ పని చేయను. బాకీ వేరు, దండుగ వేరు అని తేల్చి చెప్పగలిగిన పెద్దమనుషులు ఒకప్పుడు చెట్టు కింద ఉండేవారని, ‘సిస్టం’లో వారికి చోటు లేదని మాత్రమే నా మాట.

అయితే చట్టంలో ఆ చోటు ఉన్నది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలో 74వ సెక్షను ఈ విషయమే చెబుతుంది. ఒప్పందం భంగమైతే ఇంత కట్టాలని ముందే ఒక మొత్తం వ్రాసుకున్నా, నష్టపోయిన పక్షానికి దక్కేది సమంజసమైన పరిహారమే. వ్రాసుకున్న మొత్తం దానికి గరిష్ఠ పరిమితి మాత్రమే, అంతా ఇచ్చితీరాలని కాదు. ఫతేచంద్, బాల్‌కిషన్ దాస్‌ల కేసులో 1963లో సుప్రీంకోర్టు దీన్నే విశదం చేసింది. 2015లో కైలాష్‌నాథ్ అసోసియేట్స్ కేసులో, అసలు నష్టమే జరగనిచోట ఈ సెక్షను కింద పరిహారమూ ఉండదని చెప్పింది. ఇంకా సూటిగా, 2020 జూలైలో అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ‘అన్యాయమైన ఒప్పందం’ అనే మాటకు నిర్వచనం ఇచ్చింది. జరిగిన నష్టానికి పొంతన లేని జరిమానా వేసే షరతు, కారణం లేకుండా ఒక పక్షమే ఒప్పందాన్ని రద్దు చేసుకోగల షరతు, రెండూ అందులో ఉన్నాయి. 2008లో నేను చదివిన ఆ రెండు పుటల్లో రెండూ ఉన్నాయి.

చట్టం ఉన్నా తలుపు తెరుచుకోవాలి గదా. టెలిఫోను తగవులను వినియోగదారుల ఫోరాలు విచారించరాదని, టెలిగ్రాఫ్ చట్టం ప్రకారం మధ్యవర్తి వద్దకే వెళ్లాలని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. పన్నెండేళ్లకు పైగా ఎందరో ఆ గుమ్మం దగ్గరే ఆగిపోయారు. 2022 ఫిబ్రవరిలో వొడాఫోన్ ఐడియా కేసులో అదే న్యాయస్థానం, వినియోగదారుడు ఫోరానికి వెళ్లవచ్చునని స్పష్టం చేసింది. ఇప్పుడు ఆ గుమ్మం తెరిచే ఉన్నది.

విడుపు వెల నిజంగా బలిసినది మన దేశంలో కాదు, అమెరికాలో. 2009లో మా మేనల్లుడికి అక్కడ ఉద్యోగం పోయింది. వీసా నిబంధనల వల్ల కొన్ని వారాల్లోనే ఇల్లు సర్దుకుని రావలసివచ్చింది. ఇద్దరి ఫోన్లకూ రెండేళ్ల ఒప్పందం. ఒక్కొక్క ఫోనుకు 175 డాలర్ల చొప్పున 350 డాలర్లు కట్టి వచ్చాడు. అప్పటి లెక్కన మన డబ్బులో పదహారు వేల పైమాటే. “కట్టకుండా వస్తే ఏం చేసేవారురా?” అంటే, “మళ్లీ పోతే అప్పు పుట్టదు మామా, పేరు చెడిపోతది” అన్నాడు. దేశం మారినా భయం అదే.

ఆ ఏడాది నవంబరులోనే అక్కడి వెరైజన్ సంస్థ, ఖరీదైన ఫోన్లకు ఈ రుసుమును 175 నుంచి 350 డాలర్లకు పెంచింది. నెలకు పది డాలర్ల చొప్పున తగ్గిస్తామన్నది. మా లెక్కల మాస్టారుంటే నవ్వేవారు. ఇరవై మూడు నెలలు నమ్మకంగా బిల్లు కట్టినా తగ్గేది 230, ఇంకా 120 మిగులుతుంది. ఫోను ధర రాబట్టుకోవటమే దాని ఉద్దేశమైతే గడువు చివర అది సున్నాకు చేరువ కావాలి. కాలేదంటే అందులో కొంత బాకీ, కొంత దండుగ. అక్కడి నియంత్రణ సంస్థ కూడా ఆ డిసెంబరులో సంజాయిషీ అడిగింది. అంతకుముందు, 2008లో, కాలిఫోర్నియాలోని అలమీడా కౌంటీ న్యాయస్థానం స్ప్రింట్ సంస్థ వసూలు చేసిన ఇటువంటి రుసుము చట్టవిరుద్ధమని, కోటీ ఎనభై లక్షల డాలర్లకు పైగా తిరిగి ఇవ్వాలని తీర్పు చెప్పింది. 2013 మార్చిలో టీ-మొబైల్ అనే సంస్థ, రెండేళ్ల ఒప్పందాలనే తీసివేసింది. ఫోను ధర వేరు, సేవ ధర వేరు, వెళ్లదలచినవారు ఫోను వాయిదాలలో మిగిలింది కట్టి వెళ్లవచ్చునన్నది. “ఆ లెక్క మా దగ్గర ఉండదు” అన్న మాటకు సమాధానం అదే. ఉంచుకుంటే ఉంటుంది.

మన దేశంలో ఈ బాధ అంతగా ముదరకపోవటానికి ప్రధాన కారణం మన బీదరికమే. ముందు డబ్బు కట్టి తరువాత మాట్లాడే ప్రీపెయిడ్ పద్ధతికే జనం మొగ్గారు. ఫోను తమ డబ్బుతో కొనుక్కున్నారు. పట్టు లేదు కాబట్టి విడుపు వెలా లేదు. 2004లో ట్రాయ్, ఒక పథకంలో చేరినవారికి ఆరు నెలలపాటు ధరలు పెంచరాదని, చందాదారు మాత్రం ఆ ఆరు నెలల్లోనైనా వేరే పథకానికి మారవచ్చునని శాసించింది. పట్టు కంపెనీకి, విడుపు చందాదారుకు. ఇంత చక్కని ద్వంద్వాన్ని ప్రభుత్వ ఉత్తర్వులలో మరెక్కడా చూడలేదు. 2010 నవంబరు 25న హర్యానాలో, 2011 జనవరి 20 నుంచి దేశమంతటా నంబరు మారకుండా కంపెనీ మారే సౌకర్యం వచ్చింది. దానికి అప్పట్లో గరిష్ఠంగా 19 రూపాయలు, తరువాత ఇంకా తగ్గింది. అయితే ఆ నియమావళిలోనే ఒక మెలిక ఉన్నది. ఒప్పందంలో వైదొలగే షరతు ఉండి, దాన్ని నెరవేర్చకపోతే, నంబరు మార్పును పాత కంపెనీ తిరస్కరించవచ్చు. అంటే విడుపు వెల కాగితం మీద బతికే ఉన్నది.

మరి కంపెనీలే మనలను వదిలి వెళ్లినప్పుడు? 2005 చివర ‘జీవితకాలం’ వాలిడిటీ అని పథకాలు వచ్చాయి. వెయ్యి రూపాయల లోపు కడితే ఇక జీవితాంతం వచ్చే పిలుపులు ఉచితమన్నారు. ఎవరి జీవితం అని అడిగితే, 2006లో ట్రాయ్ వివరించింది. చందాదారుది కాదు, కంపెనీ లైసెన్సుది. 2018 చివరికి పెద్ద కంపెనీలు నెలకు 35 రూపాయలైనా వేయించుకుంటేనే లైను ఉంటుందన్నాయి. 2017 డిసెంబరు నాటికి రిలయన్స్ కమ్యూనికేషన్స్ మాటల సేవలు ఆపివేసింది. 2018 ఫిబ్రవరిలో ఎయిర్‌సెల్ దివాలా బాట పట్టింది. వారి చందాదారులు గడువు లోపల నంబరు కాపాడుకోవటానికి పరుగులు పెట్టారు. వెళ్లిపోతున్న కంపెనీ తన చందాదారునికి విడుపు వెల కట్టగా నేను వినలేదు.

అందుచేత నేను నా పాత విద్యార్థులకు చెబుతుంటాను, ఒప్పంద పత్రాన్ని చివరి పుట నుంచి చదవమని. మూడు ప్రశ్నలు అడగమని. ఎంతకాలం ఉండాలి? మధ్యలో మానితే ఎంత కట్టాలి, అది నెలనెలా తగ్గుతుందా? అందులో వస్తువు వెల ఎంత, దండుగ ఎంత? మూడో ప్రశ్నకు జవాబు రాకపోతే కలం మూయమని.

నిరుడు మా ఇంటికి ఇంటర్‌నెట్ తీగ వేయటానికి ఒక కుర్రవాడు వచ్చాడు. రౌటరు ఉచితం, ఆరు నెలలు ఉండాలన్నాడు. మూడు ప్రశ్నలూ అడిగాను. మొదటి రెండింటికీ చెప్పాడు. మూడోదానికి నా ముఖం చూసి, బయటికి వెళ్లి తన ఆఫీసుకు ఫోను చేశాడు. పావుగంట మాట్లాడి వచ్చి, “రౌటరు వాపసు ఇస్తె ఏం కట్టనక్కర లేదట సార్” అన్నాడు.

“అది వ్రాసి ఇవ్వు నాయనా” అన్నాను.

దరఖాస్తు వెనుక, తెలుగులో, ‘మధ్యలో మానితే డబ్బా తిరిగి ఇస్తే చాలు’ అని వ్రాసి సంతకం చేశాడు. ఒక దీర్ఘం తప్పింది, దిద్దలేదు. ఆ కాగితం బీరువాలో భద్రంగా ఉన్నది.